31.40 వేయాల్సిన చోట 3.14 పడింది, టెండర్ తెరిచాక సరిచేయించుకునే దారుందా?

గుణుపురం_లారీ
ప్రభుత్వ బియ్యం రవాణా టెండర్. గోదాము నుంచి ఎనిమిది రూట్లు, క్వింటాకి ఇంత అని రేటు వేయాలి. ఏడు సరిగ్గానే వేశాను. ఐదోది ఘాట్ రోడ్డు, పైకి 34 కిలోమీటర్లు. దానికి 31.40 అనుకున్నాను, నా డైరీలో కూడా అదే ఉంది. బీఓక్యూలో, అంటే రేట్లు నింపే ఆన్‌లైన్ షీటులో మాత్రం 3.14 పడింది. నెట్ సెంటర్లో కూర్చుని నేను చదువుతుంటే కుర్రాడు కొట్టాడు, సాయంత్రం ఐదుకి క్లోజింగ్, మేం మొదలుపెట్టిందే నాలుగుంపావుకి. మొన్న ధరలు తెరిచారు, నేనే ఎల్1, అంటే అందరికన్నా తక్కువ వేసినవాణ్ని, రెండోవాడికన్నా 2.90 లక్షలు తక్కువ. జనం ఫోన్ చేసి పార్టీ ఎప్పుడంటున్నారు. నాకు రాత్రి నిద్ర లేదు. పది టన్నుల లోడు కొండ మీదకి తోలితే నాకొచ్చేది 314 రూపాయలు. ఇది పొరపాటని ఎవడికైనా కనిపిస్తుంది కదా, రాసిస్తే సరిచేయరా? ఈఎండీ, అంటే టెండర్ డిపాజిట్, 1.20 లక్షలు కట్టి ఉన్నాను.

సగంలోడు
314 రూపాయలా. హమాలీల టీ, పకోడీలకే సరి.

లెక్కల_మాష్టారు_పర్లా
3.14 అని వేశావంటే లెక్కల మాష్టార్లందరి తరఫునా అభినందనలు. తర్వాత ఏడుద్దాం. నెలకి ఆ రూట్లో ఎన్ని క్వింటాళ్లో చెప్పు ముందు.

గుణుపురం_లారీ
సుమారు 1,200 క్వింటాళ్లు మాష్టారూ. కాంట్రాక్టు ఏడాది.

టెండరు_బాబాయ్
సరిచేయరు తమ్ముడూ. నీకు తీపి మాటలు చెప్పేవాళ్లు వస్తారు ఇక్కడికి, నమ్మకు. ధరలు తెరిచాక రేటు మార్చడమంటే పక్కవాడి రేటు చూసి నీ రేటు మార్చుకున్నట్టే లెక్క. నువ్వు నిజాయితీగానే అడుగుతున్నావని నాకు తెలుసు. కానీ ఇవాళ నీకిస్తే, రేపు ప్రతివాడూ ఒక రూట్లో కావాలని తప్పు రేటు వేసి, అందరివీ తెరిచాక "అయ్యో పొరపాటు" అంటాడు. గెలిచేలా ఉంటే దిద్దుకుంటాడు, లేకపోతే ఊరుకుంటాడు.

నాగావళి_రవాణా
బాబాయ్ గారూ, ఆ మాట పూర్తిగా ఒప్పుకోను. అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే అక్షరాలే చెల్లుతాయని ప్రతి టెండర్ డాక్యుమెంట్లోనూ ఉంటుంది. యూనిట్ రేటుకీ మొత్తానికీ తేడా వస్తే యూనిట్ రేటే చెల్లుతుందనీ ఉంటుంది. అవి దిద్దుబాటు రూల్సు కాదా? మీ బీఓక్యూలో అక్షరాల్లో ఏముందో చూడండి గుణుపురం గారూ.

గుణుపురం_లారీ
చూశాను. "రూపాయలు మూడు, పైసలు పద్నాలుగు మాత్రమే". షీటు దానంతటదే రాసేసుకుంది.

గుమాస్తా_రిటైర్డ్
నాగావళి గారు చెప్పిన రూల్సు కాగితం టెండర్ల కాలంవి. అప్పుడు మనిషి అంకె చేత్తో వేసేవాడు, అక్షరాలు చేత్తో రాసేవాడు, హెచ్చవేత కూడా చేత్తోనే. కాబట్టి మూడు చోట్ల మూడు సాక్ష్యాలుండేవి, ఒకదాన్ని ఇంకొకటి పట్టించేది. నేను ఇరవై ఏళ్లు టెండర్ బాక్సు దగ్గర కూర్చున్నాను. తెరిచిన రోజు ఒక్కో పేజీలో ఎన్ని కొట్టివేతలు, ఎన్ని దిద్దుబాట్లు, ఎక్కడ వైట్‌నర్ పూశారు అన్నీ ఎర్ర సిరాతో గుండ్రాలు చుట్టి, కింద "మూడు దిద్దుబాట్లు" అని రాసి కమిటీ అందరం సంతకాలు పెట్టేవాళ్లం. తర్వాత ఒకడు చదివితే ఒకడు కాలిక్యులేటర్ కొట్టేవాడు. ఇప్పుడు నువ్వు ఒక్క గడిలో 3.14 కొడితే, ఆ గడిలోంచే మొత్తం వస్తుంది, ఆ గడిలోంచే అక్షరాలొస్తాయి. నీ తప్పుని షీటే మూడు చోట్ల నిజమని చెబుతుంది. కమిటీ పట్టుకోవడానికి తేడా అన్నదే ఉండదు.

కొరాపుట్_కాఫీ
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. కంప్యూటర్ వస్తే తప్పులు తగ్గుతాయనుకున్నాం.

గుమాస్తా_రిటైర్డ్
కూడిక తప్పులు పోయాయి బాబూ. పోనిది వేలు చేసే తప్పు.

టెండరు_బాబాయ్
అక్షరాలే చెల్లుతాయన్న రూలు నాకు ఒక ఏడాది జీవితం నేర్పింది. ఎరువుల రవాణా, చేత్తో రాసిన టెండర్. అంకెల్లో 40 వేశాను. అక్షరాల్లో ఇంగ్లీషులో ఫార్టీ అని రాయబోయి ఫోర్టీన్ అని రాశాను. తెరిచిన రోజు గుమాస్తా గారిలాంటి పెద్దమనిషే ఒకాయన గట్టిగా చదివాడు, "టన్నుకి పద్నాలుగు". హాల్లో అందరూ నా వైపు తిరిగారు. ఏడాది పద్నాలుగుకే తోలాను. మా ఆవిడ ఇప్పటికీ కూరగాయలవాడు పద్నాలుగు అంటే నన్ను చూసి నవ్వుతుంది.

నెట్‌సెంటర్_రాయగడ
నెట్ సెంటర్ కుర్రాడు అని మొదటి పోస్టులో చదివి పరుగెత్తుకొచ్చాను, మాది కాదు, దేవుడున్నాడు. కానీ ఈ తప్పు ఎలా పడిందో నేను చెప్పగలను, రోజూ చూస్తాను. మీరు "ముప్పై ఒకటి నలభై" అని చదివారా, "మూడు, ఒకటి, నాలుగు" అని చదివారా?

గుణుపురం_లారీ
మూడు ఒకటి నాలుగు సున్నా అని చదివాను అనుకుంటా. అన్నీ అంకె అంకె చదివాను, తప్పు రాకూడదని.

నెట్‌సెంటర్_రాయగడ
నాలుగో రూటు రేటెంత?

గుణుపురం_లారీ
8.60. ఊళ్లోనే తిరిగేది. అంతకుముందు రెండూ కూడా పది రూపాయల లోపే.

నెట్‌సెంటర్_రాయగడ
అయిపోయింది. ముందు మూడు రేట్లకీ కుర్రాడి వేలు మొదటి అంకె తర్వాత చుక్క పెట్టింది. నాలుగోసారి కూడా అలవాటుగా అక్కడే పెట్టింది. చివరి సున్నా కొడితే 3.140, కొట్టకపోతే 3.14, షీటు దాన్ని ఎలాగూ రెండంకెలకే చూపిస్తుంది. అందుకే మా సెంటర్లో పార్టీ చదివితే మేం కొట్టం. కాగితం పక్కన పెట్టుకుని మేమే చూసి కొడతాం, తర్వాత స్క్రీన్ మీది రేటు మేం చదువుతాం, పార్టీ తన కాగితం చూసుకుని ఊ అనాలి. అటు నుంచి ఇటు చదివితే దొరకని తప్పు ఇటు నుంచి అటు చదివితే దొరుకుతుంది.

సగంలోడు
దానికి ఛార్జీ ఎంత అదనం?

నెట్‌సెంటర్_రాయగడ
టీ మీది.

సిరోంచ_సుధా
మాది గడ్చిరోలి దిక్కు, సిరోంచ. మా ఆయన పేరు మీద టెండర్లు నేనే నింపుత. మాకు క్వింటా రేటు కాదు, గోదాములో హమాలీ పనికి అంచనా వాళ్లే ఇస్తరు, దాని మీద ఎంత శాతం ఎక్కువ, ఎంత తక్కువ అని మనం వెయ్యాలె. గడి పక్కన చిన్న బాణం నొక్కితే ఎక్సెస్, లెస్ అని రెండు వస్తయి. 12 అని కొట్టిన, ఎక్సెస్ పెట్టాల్సింది లెస్ మీద వేలు పడింది. 18 లక్షల అంచనా. అటు 12, ఇటు 12, ఒక్క నొక్కుడుకు 4.32 లక్షలు. ఆఫీసుకి పోయి ఏడ్చిన. ఆ సారు మంచోడే, నీళ్లిచ్చిండు, కుర్చీ ఏసిండు, రేటు మాత్రం మార్చలే. చేసినం మరి ఏడాది. వంతెన లేని రోజుల్లో కాళేశ్వరం పోవాలంటే పడవ కోసం ఒడ్డున కూసునేటోళ్లం, గంత ఓపిక అలవాటే కాబట్టి బతికినం.

నాగావళి_రవాణా
మరి కోర్టుకి వెళ్లినవాళ్లు లేరా? ఇంత స్పష్టమైన తప్పుకి న్యాయం ఉండదా?

బరంపురం_వకీలు
ఉన్నారు, ఓడిపోయారు. 2001లో సుప్రీంకోర్టు తీర్పు, పశ్చిమ బెంగాల్ విద్యుత్ బోర్డుకీ పటేల్ ఇంజనీరింగ్‌కీ మధ్య. పురులియా పంప్డ్ స్టోరేజ్ జలవిద్యుత్ పని. కంప్యూటర్ వల్ల యూనిట్ రేట్లలో అదే తప్పు మళ్లీ మళ్లీ పడిందని బిడ్డర్ అన్నాడు, హైకోర్టు దిద్దుకోనిచ్చింది, సుప్రీంకోర్టు కొట్టేసింది. బిడ్డర్లకిచ్చిన నియమాలు అందరికీ ఒకటే, ఒకరికి సడలిస్తే మిగతావాళ్లకి అన్యాయం అన్నది సారాంశం.
ఇంకా దగ్గరిది కావాలంటే 2025 సెప్టెంబర్. అదీ పశ్చిమ బెంగాలే, టోల్ వసూలు టెండర్. 1,095 రోజులకి మొత్తం ఎంత ఇస్తావో వేయమంటే ఒకాయన రోజు లెక్క 9,72,999 వేశాడు. మొత్తం వేసుంటే 106 కోట్లు దాటేది, ఆయనే గెలిచేవాడు. తెరిచాక దిద్దుకోనివ్వమన్నాడు. హైకోర్టు డివిజన్ బెంచ్ సరేనంది, సుప్రీంకోర్టు కుదరదంది, ధర తెరిచాక ధర కదలకూడదని. గమనించండి, అక్కడ దిద్దితే ప్రభుత్వానికే ఎక్కువ డబ్బు వచ్చేది. అయినా ఒప్పుకోలేదు.

కొరాపుట్_కాఫీ
ప్రభుత్వానికి లాభమొచ్చే తప్పే దిద్దలేదంటే మన గుణుపురం వాళ్ల 3.14 సంగతి చెప్పక్కర్లేదు.

బరంపురం_వకీలు
ఒక్క కిటికీ మాత్రం ఉంది. రేటు మార్చడం వేరు, డిపాజిట్ జప్తు వేరు. 2025లోనే ఇంకో కేసులో ఒక కంపెనీ 1,569 కోట్లు వేయాల్సిన చోట 1,569 రూపాయలు వేసింది. ఆ రేటుకి పని చేయమని ఎవరూ అనలేదు, కానీ 15 కోట్ల పైచిలుకు బిడ్ సెక్యూరిటీ పోతుందన్నారు. సుప్రీంకోర్టు కోటి రూపాయలు కట్టించుకుని డిపాజిట్ వెనక్కివ్వమంది. కాబట్టి "రేటు దిద్దండి" అని అడగకండి, "ఈ రేటు పొరపాటు, నా బిడ్ పక్కన పెట్టండి, డిపాజిట్ విషయంలో దయ చూపండి" అని అడగండి. ఈ రెండు అర్జీలకీ చాలా దూరం.

సగంలోడు
1,569 రూపాయలకి అంత పెద్ద పని. మన గుణుపురం అన్నయ్య నయం.

షికాగో_బావ
నేను పుట్టింది పర్లాకిమిడి, ఇక్కడ లారీలకి డిస్పాచ్ చేస్తుంటాను, అందుకే ఈ చర్చ వదల్లేకపోతున్నా. అమెరికా ప్రభుత్వ కొనుగోళ్ల నియమావళిని ఎఫ్ఏఆర్ అంటారు, అందులో సీల్డ్ బిడ్లలో పొరపాట్ల కోసమే ఒక అంశం పెట్టారు, 14.407. తెరిచాక ఆఫీసరే అన్ని బిడ్లూ చూసి, ఏదైనా తేడాగా అనిపిస్తే "ఇది నీ రేటేనా, ఒకసారి చూసుకో" అని వాళ్లంతట వాళ్లే అడగాలి. పైకి కనిపించే గుమాస్తా తప్పులకి ఉదాహరణలు కూడా ఇచ్చారు. మొదటిదే దశాంశ చుక్క తప్పు చోట పడటం. తర్వాత యూనిట్ తప్పు వేయడం, డిస్కౌంట్ తప్పు, సరుకు ఎక్కించే చోటి ధర, దించే చోటి ధర తారుమారవడం. అలాంటివి కాంట్రాక్టు ఇచ్చేలోపు దిద్దుకోనిస్తారు.

గుణుపురం_లారీ
మొదటి ఉదాహరణే నాది! ఇక్కడెందుకు లేదు అది?

టెండరు_బాబాయ్
బావ గారూ, అక్కడ దిద్దితే ఇంకొకడిని కిందకి తోసేసే పరిస్థితి వస్తే?

షికాగో_బావ
అప్పుడు చాలా గట్టి. దిద్దుబాటు వల్ల తక్కువ వేసినవాడు వెనక్కి పోతాడంటే, తప్పు ఉందన్నదీ అసలు అనుకున్న రేటు ఇదన్నదీ దాదాపు బిడ్ కాగితాల్లోంచే తేలాలి, డైరీ చూపిస్తే సరిపోదు. తప్పు జరిగిందని రుజువై, అసలు రేటు ఎంతో మాత్రం రుజువు కాకపోతే, బిడ్ వెనక్కి తీసుకోనిస్తారు. నాకు నచ్చింది ఏంటంటే ఆఫీసరు అడగాలి అన్న భాగం. ఏడు రూట్లకి మామూలు రేట్లుండి ఒకదానికి పదోవంతు ఉంటే చూసినవాడికి తెలియదా?

గుమాస్తా_రిటైర్డ్
తెలుస్తుంది. నోరు విప్పడు. నేను ఒకసారి విప్పాను. ఒకాయన ఒక రూట్లో మరీ తక్కువ వేస్తే, "సార్, వీరు పొరపాటు పడ్డట్టున్నారు, ఒకసారి అడుగుదామా" అని ఫైల్లో రాశాను. మూడు నెలలకి ఆడిట్ వాళ్లు వచ్చి ఆ పార్టీకీ నాకూ చుట్టరికం ఏమిటని అడిగారు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే అయింది ఖర్మకి. షికాగోలో ఆఫీసరు అడగకపోతే తప్పు, ఇక్కడ అడిగితే తప్పు.

నాగావళి_రవాణా
అంటే మన దగ్గర అసలు ఏ దారీ లేదా? అసాధారణంగా తక్కువ బిడ్ అని ఏదో క్లాజు విన్నాను.

బరంపురం_వకీలు
ఉంది, కేంద్ర ఆర్థిక శాఖ కొనుగోళ్ల మాన్యువల్లో. రేటు మరీ తక్కువగా ఉండి, ఆ రేటుకి పని చేయగలడా అన్న అనుమానమొస్తే, రేటు ఎలా కట్టావో వివరంగా రాతపూర్వకంగా అడగొచ్చు, చెప్పలేకపోతే బిడ్ తిరస్కరించొచ్చు. రాష్ట్ర సంస్థల టెండర్‌కి అది నేరుగా వర్తించదు. మీ టెండర్ డాక్యుమెంట్లో అలాంటి మాట ఉందేమో వెతకండి. ఉంటే అర్జీ దాని మీదే నిలబెట్టండి. ఏది చేసినా అంగీకార పత్రం మీ చేతికి రాకముందే.

సగంలోడు
నా సలహా వేరు. చేసెయ్యి అన్నయ్యా. మిగతా ఏడు రూట్లలో క్వింటాకి రెండు మూడు రూపాయలు మిగులుతుంది కదా, ఘాట్ రూటుని అందులోంచి మోసెయ్. పేరు పోదు, ఈఎండీ పోదు.

లెక్కల_మాష్టారు_పర్లా
ఆగండి, లెక్క వేద్దాం. గుణుపురం, ఘాట్ రూట్లో నీ చేతి ఖర్చే క్వింటాకి ఎంత? ఏడు రూట్లూ కలిపి నెలకి ఎంత సరుకు?

గుణుపురం_లారీ
డీజిల్, డ్రైవరు, క్లీనరు, టైర్లు, రెండు చోట్లా హమాలీ అన్నీ కలిపితే 29 దాకా అవుతుంది. ఏడు రూట్లూ కలిపి నెలకి 7,000 క్వింటాళ్లు, సగటున రెండున్నర మిగులుతుంది.

లెక్కల_మాష్టారు_పర్లా
ఘాట్‌లో క్వింటాకి 25.86 నష్టం. ఏడాదికి 14,400 క్వింటాళ్లు, అంటే 3,72,384. మిగతా రూట్లలో లాభం 2,10,000. ఏడాదంతా వానలో ఎండలో తిరిగి, చివరికి జేబులోంచి పెట్టాల్సింది 1,62,384. డిపాజిట్ వదులుకుంటే 1,20,000. సగంలోడు, నీ పేరు నీకు సరిగ్గానే పెట్టారు.

సగంలోడు
మాష్టారు బెత్తం తీశారు.

సిరోంచ_సుధా
మాష్టారు లెక్క మంచిగనే ఉన్నది, కని బ్లాక్‌లిస్టులో పెడితే? ఆఫీసుల మాటలు గా లెక్కలోకి రావు. మేం చేసింది గందుకే.

టెండరు_బాబాయ్
సుధమ్మ చెప్పింది నిజం. డాక్యుమెంట్లో డీబార్ గురించి, అంటే ఇకముందు టెండర్లు వేయనివ్వకపోవడం గురించి ఏముందో చదువుకో ముందు. ఇంకో సంగతి, నువ్వు తప్పుకుంటే రెండోవాడికి ఇచ్చేస్తారని జనం అనుకుంటారు. సీవీసీ, అంటే కేంద్ర విజిలెన్స్ కమిషన్, 2007 మార్చి సర్క్యులర్ ప్రకారం ఎల్1 వెనక్కి తగ్గితే మళ్లీ టెండర్ పిలవాలి. అది కేంద్ర సంస్థలకే అయినా రాష్ట్రాల ఆఫీసులూ దాన్నే ముందు పెట్టుకుంటాయి. మళ్లీ పిలిస్తే నీకూ ఛాన్సే.

నెట్‌సెంటర్_రాయగడ
ఒక్కటి అడుగుతా, క్లోజింగ్ ఐదుకి కదా, సబ్మిట్ ఎప్పుడు కొట్టారు? మధ్యలో ఎంత టైముంది?

గుణుపురం_లారీ
4.40కి అయిపోయింది. ఇరవై నిమిషాలు బయట టీ తాగాం.

నెట్‌సెంటర్_రాయగడ
ఆ ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు బాబూ. క్లోజింగ్ లోపు మళ్లీ సబ్మిట్ చేస్తే చివరిదే లెక్క. అందరూ భయపడి విత్‌డ్రా నొక్కుతారు, అది నొక్కితే ఆ టెండర్లో ఇక చోటు లేదు, బయటికే. నొక్కాల్సింది రీసబ్మిషన్. దిద్దుబాటు దారి అడిగారు కదా, ఉన్నది అదొక్కటే.

గుణుపురం_లారీ
ఆ టీ ఇప్పుడు లెక్కేస్తే కప్పు అరవై వేలు పడింది, ఇద్దరం తాగాం.

కొరాపుట్_కాఫీ
నేను తప్పు అటువైపు చేశాను. టన్నుకి కిలోమీటరుకి రేటు అడిగితే, ట్రిప్పుకి రేటు వేశాను. ఏడు రూపాయల చోట ఏడొందలు. తెరిచినప్పుడు హాలంతా నవ్వింది, ఇంటికొచ్చేశాను, డిపాజిట్ కూడా వెనక్కొచ్చింది. ఎక్కువ వేసినవాడి తప్పుకి శిక్ష నవ్వే. తక్కువ వేసినవాడికే ఇంత గొడవ.

గుణుపురం_లారీ
వకీలు గారు చెప్పినట్టే అర్జీ రాశాను. రేటు మార్చమనలేదు. డైరీ పేజీ, రేటు కట్టిన కాగితం, ఎనిమిది రూట్లదీ, జిరాక్స్ తీసి జత చేశాను. మీ అందరికీ రుణపడి ఉంటాను. ఏమైందో చెబుతాను.

టెండరు_బాబాయ్
ఎనిమిది రూట్లదీ జత చేశావా? ఘాట్ రూటుది ఒక్కటీ పెడితే సరిపోయేది కదరా తమ్ముడూ.

గుణుపురం_లారీ
నమ్మకం కోసం పెట్టాను బాబాయ్.

గుణుపురం_లారీ
ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. బిడ్ పక్కన పెట్టారు, డీబార్ చేయలేదు. డిపాజిట్ పోయింది, దాని మీద పై ఆఫీసుకి మళ్లీ రాశాను, ఆ ఫైలు ఎక్కడుందో మా మజ్జిగౌరమ్మ తల్లికే తెలియాలి. టెండర్ మళ్లీ పిలిచారు. ఈసారి ఇంట్లో కూర్చున్నాను, మా అమ్మాయి స్క్రీన్ మీంచి చదివింది, నేను కాగితం చూసుకుని ఊ అన్నాను, రెండుసార్లు. 31.40 సరిగ్గానే పడింది. నిన్న తెరిచారు. ఒకాయన ఎనిమిది రూట్లలోనూ నాకన్నా సరిగ్గా ఇరవై పైసలు తక్కువ. ఒక్కో రూట్లో ఇరవై పైసలు. ఒక్కటీ తప్పలేదు.

సగంలోడు
ఓరి నాయనో. జిరాక్స్ నడిచింది.

గుమాస్తా_రిటైర్డ్
నడిచిందని రుజువు చేయలేరు. కానీ ఇరవై పైసలు ఎనిమిదిసార్లు అంటే నాకూ అనుమానమే. మాష్టారూ, అలా కలిసిరావడానికి అవకాశం ఎంతుంటుంది?

లెక్కల_మాష్టారు_పర్లా
ఆ లెక్క వేస్తే కోపం ఇంకా పెరుగుతుంది, వద్దు.

సిరోంచ_సుధా
మల్ల టెండర్ ఎప్పుడున్నది మీకాడ? ఘాట్ రూటుకు ఈసారి ఎంత వేస్తున్నరు అన్నా?

గుణుపురం_లారీ
వచ్చే నెలలో పక్క బ్లాకుది ఉంది సుధమ్మా. రేటు మాత్రం ఇక్కడ రాయను.